గిటారులో కండె

మా అమ్మను ఎవరైనా "మీరేం పని చేసేవారండీ" అని అడిగితే "మా ఆయన నేసేవాడు" అంటుంది. ఇంకాస్త గుచ్చి అడిగితే "నేను నేసిందెక్కడ, కండెలు చుట్టానంతే" అంటుంది. ఏడో ఏట రాట్నం ముందు కూర్చుంది. 1991లో మా మగ్గం ఆగిపోయేదాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు చుట్టింది. పెళ్ళయిన మూడో రోజునుంచి అత్తగారింట్లో చుట్టింది. నన్ను కన్న పురిటి పదకొండో రోజున కూడా చుట్టిందని మా మేనత్త చెప్పేది. అయినా ఆ "అంతే" అనే మాట మాత్రం ఆమె నోటినుంచి పోలేదు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన నేను కూడా ఆ మాటను పట్టించుకోలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. పట్టించుకునేలా చేసింది ఒక ఎలక్ట్రిక్ గిటారు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. తీరిక దొరికితే గిటారు వాయిస్తుంది. ఆ పిల్లకు 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద మోజు. ఆ ఏడాదే ఆ నమూనా మొదటిసారి బజారులోకి వచ్చింది. అసలుది కావాలంటే మా ఇల్లు అమ్మినా చాలదేమో. అచ్చం అలాంటిదే విడిభాగాలు తెప్పించి ఇంట్లో చేసుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారట. "అమ్మా, మనమే చేద్దాం" అంది. ఉద్యోగ విరమణ చేసినదాన్ని, ఖాళీగా ఉన్నాను, సరేనన్నాను. అదొక కాలక్షేపం అనుకున్నానే గానీ ఇన్ని పుస్తకాలు తిరగేయించే పని అవుతుందనుకోలేదు.

ముందు చెక్క కావాలి. 1954 గిటార్ల ఒంటికి యాష్ అనే చెక్క వాడారు, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్. రెండూ మన దగ్గర దొరికేవి కావు. మా అటక మీద నాన్న మగ్గం ఉంది. 1991లో నూలు ధరలు పెరిగి చీరాల ప్రాంతంలో నేత కుటుంబాలు ఆకలిచావుల దాకా వెళ్ళిన రోజుల్లో, నేనప్పటికే పార్ట్‌టైమ్ లెక్చరరుగా గుంటూరులో ఉండబట్టి, అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చేశారు. మగ్గాన్ని విప్పి లారీలో వేసుకు వచ్చారు. గుంటూరు అద్దె ఇంట్లో గుంట ఎవరు తవ్వనిస్తారు? గుంటమగ్గానికి గుంట లేకపోతే అది ఒట్టి కర్రల కట్ట. నాన్న పోయాక కూడా దాన్ని అమ్మడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు మనవరాలు అడిగేసరికి "చెదలు పట్టకముందే తీసుకోండి" అనేసింది. నిలువు కర్రలూ అడ్డ దూలమూ మంచి టేకు. వడ్రంగి వాటిని చిత్రిక పట్టి, పక్కపక్కన నాలుగు ముక్కలు అతికించి, కాగితం మీద అచ్చువేసిచ్చిన ఆకారానికి కోశాడు. మందం 45 మిల్లీమీటర్లు. "ఇది వీణా, వీణకి డొల్ల ఉండాలి కదమ్మా" అని అతని సందేహం. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలోనైతే పనసమానును లోపల తొలిచి డొల్ల చేస్తారు, ఆ డొల్లలో గాలే నాదాన్ని పెంచుతుంది. ఈ గిటారుకు ఆ అవసరం లేదని అతనికి నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. నచ్చజెప్పానో లేదో కూడా తెలియదు.

మెడ మేపుల్ చెక్కది. దాన్ని ఇంట్లో చేసే నేర్పు మాకు లేదు, విదేశం నుంచి తెప్పించాం. 21 మెట్లు. ఆడే తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, అంటే ఇరవై ఐదున్నర అంగుళాలు. ఒకే ముక్క మేపుల్‌లో ఇనుప కడ్డీ దూర్చడానికి వెనక గాడి తీసి, దాన్ని ముదురురంగు వాల్‌నట్ పట్టీతో మూసేస్తారు. వంద రూపాయల సామాను నుంచి వేల రూపాయల సామాను దాకా పార్సిళ్ళు వస్తూనే ఉన్నాయి. వాటి కథంతా చెప్పను. ఒక్క పార్సిలు గురించే చెప్పాలి. అందులో మూడు పికప్‌లు ఉన్నాయి.

పికప్ అంటే ఎలక్ట్రిక్ గిటారుకు గొంతు. ఆరు అయస్కాంతపు కడ్డీలను పైనా కిందా రెండు రేకుల మధ్య నిలబెట్టి, వాటి చుట్టూ ఎనామిల్ పూత ఉన్న సన్నని రాగితీగను వేలసార్లు చుడతారు. పైన ఉక్కు తంతి కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలిక చుట్టలో అతి కొద్దిపాటి విద్యుత్తును పుట్టిస్తుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఫారడే సూత్రం, ఇంటర్మీడియట్‌లో అందరం బట్టీపట్టిందే. తీగ ఎంత సన్నం, ఎన్ని చుట్లు, ఎంత బిగువు, చుట్టు మీద చుట్టు ఎలా పడింది, వీటి మీదే స్వరం ఆధారపడుతుంది. చెక్క గురించి ఎంత కవిత్వం చెప్పినా ఈ గిటారుకు అసలు నాదం చుట్టినదాంట్లోంచే వస్తుంది.

ఇది పాశ్చాత్యుల గోల అనుకునేవాళ్ళకు పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ని గుర్తుచేస్తాను. జంట తీగల మాండలిన్ మీద కర్ణాటక సంగీతం గమకం నిలవదని, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, 2014లో చనిపోయేదాకా దానిమీదే కచేరీలు చేశాడు. దీర్ఘంగా సాగిన ఆ గమకాల కింద ఉన్నదీ ఈ చుట్టే. వీణ ముందు కూర్చోబెట్టి మనల్ని పెళ్ళిచూపులకు సిద్ధం చేసిన తరంలో పుట్టినదాన్ని, తీగవాద్యంలో ఇలా ఒక మోటారు కాయిల్ లాంటిది ఉంటుందని నాకు అరవై దాటాకే తెలిసింది.

పార్సిల్లో వచ్చిన మూడు పికప్‌లూ మోసం. మా అమ్మాయి తిరగేసి చూసి తేల్చేసింది. 1954లో అల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలు, ప్రతి తంతి కిందా ఒకటి నేరుగా నిలబడి ఉండేవి. మాకొచ్చిన వాటిలో ఆ ఆరూ ఒట్టి ఇనుప ముక్కలు, అడుగున ఒక చవక సిరామిక్ అయస్కాంతపు బిళ్ళ అతికించారు. పైనుంచి చూస్తే తేడా కనబడదు. డబ్బు వెనక్కి రాలేదు. "మనమే చుడదాం" అంది పిల్ల.

తీగ ఎక్కడ? మా గుంటూరు జిల్లాలో మిరప చేలకు నీళ్ళు తోడే మోటార్లు ఎండాకాలంలో లెక్కలేనన్ని కాలిపోతాయి, వైండింగు షాపులకు కొదవ లేదు. ఒక షాపుకు వెళ్ళి అమెరికా లెక్క 42 గేజి తీగ, అంటే మన లెక్కలో సుమారు 46, కావాలన్నాను. "ఫ్యాన్‌కి కూడా అంత సన్నం వాడమండీ, అది తీగా వెంట్రుకా" అని నవ్వాడు. నిజమే, దాని మందం ఒక మిల్లీమీటరులో పదహారో వంతు. చివరకు ఆన్‌లైన్‌లో అరకిలో రీలు దొరికింది. ఒక్కో పికప్‌కు సుమారు 8 వేల చుట్లు. లెక్క వేస్తే దాదాపు కిలోమీటరు తీగ, తూకానికి ముప్ఫై గ్రాముల చిల్లర.

నా దగ్గర పెళ్ళినాటి కుట్టుమిషను ఉంది, దానికి తర్వాత మోటారు పెట్టించాను. దాని చక్రానికి పికప్ బాబిన్ అతికించి తీగ ఎక్కించడం మొదలుపెట్టాను. అప్పుడే చదువుతున్న పుస్తకాల్లో ఒక సంగతి నన్ను ఆపేసింది. ఎలక్ట్రిక్ గిటారు పుట్టిందే ఇలా ఇంట్లో. లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బోషాం అనే వాద్యకారుడు నెలల తరబడి ఇంట్లోనే ప్రయోగాలు చేశాడు. 1931లో అతని స్నేహితుడు మేపుల్ చెక్కతో ఒక నమూనా చెక్కిచ్చాడు. చూడటానికి పెనంలా ఉందని దానికి ఫ్రైయింగ్ పాన్ అనే పేరు స్థిరపడింది. ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయి పద్ధతి గిటారు అది. మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది, 1937లో పేటెంటు వచ్చింది. ఆ మొదటి చుట్టను బోషాం దేనితో చుట్టాడు? ఇంట్లో ఉన్న వాషింగ్ మెషిన్ మోటారుతో అని ఒక కథనం. కాదు, కుట్టుమిషను మోటారుతో అని అతనితో పనిచేసిన పాల్ బార్త్ మాట. ఏదైనా ఒకటే. ఆ రెండు యంత్రాల ముందూ ఆ ఇంట్లో రోజూ నిలబడేది ఎవరు, మోటారు విప్పి పట్టుకుపోతే ఆ వారం బట్టలు ఎవరు ఉతికారు అన్న ప్రశ్న మాత్రం నేను చదివినచోట ఎవరూ వేయలేదు.

ఇలాంటిదే ఇంకొకటి. ఇంట్లో చేసిన ఎలక్ట్రిక్ గిటార్లలో లోకమంతా ఎరిగినది బ్రయన్ మే గిటారు, రెడ్ స్పెషల్. తర్వాత క్వీన్ బృందంలో ప్రసిద్ధుడైన బ్రయన్ టీనేజిలో ఉండగా, 1963లో లండన్ శివార్లలోని ఇంట్లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి మొదలుపెట్టాడు. మెడ పాత చలిమంట పొయ్యి చట్రపు మహాగని చెక్క. స్ప్రింగులు పాత మోటారు సైకిలు వాల్వులవి. తండ్రీ కొడుకుల ప్రతిభ కింద ఈ కథను ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. దాని నకళ్ళు చేసేవాళ్ళు ఒక్కో స్ప్రింగు కొలతా కంఠతా పట్టారు. అందులో మెట్ల మీద మెరిసే చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. తంతుల్ని వణికించే చేతిపిడి కొస తల్లి అల్లికసూది ముక్క. తల్లి పేరు రూత్. ఆమె కుట్టుపెట్టె ఆ కథలో ఒక గనిలాగా ఉంటుంది, ఎవరైనా వెళ్ళి తవ్వుకోవచ్చు. గుండీలు తీసేసిన తర్వాత ఆ బట్టలకు ఏం కుట్టుకుందో!

ఇక ఫెండర్ దగ్గరికి వస్తాను. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. 1950 ప్రాంతంలో అతని కర్మాగారం డొల్ల లేని గట్టిచెక్క గిటారును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. చెక్క కోత, మెడలు చెక్కడం, రంగు ఎక్కువగా మగవాళ్ళ పని. పికప్‌లు చుట్టడం, తీగలు సోల్డరింగ్ చేయడం ఎక్కువగా స్త్రీల పని. వాళ్ళలో చాలామంది మెక్సికన్ మూలాలున్నవాళ్ళు. అబిగేల్ ఇబారా అనే ఆమె 1956లో చేరింది, 2013లో విరమించింది. యాభై ఏడేళ్ళు! చుట్టే యంత్రం బాబిన్‌ను తిప్పుతుంది, తీగను మాత్రం ఆమె వేళ్ళే పట్టుకుని అటూ ఇటూ నడిపిస్తాయి. చెయ్యి యంత్రంలాగా ఒకే కొలతలో కదలదు గనుక చుట్లు కొంచెం చెల్లాచెదురుగా పడతాయి. పొరల మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది, దానివల్ల స్వరం పైస్థాయిలో కొద్దిగా తేటగా ఉంటుందని తెలిసినవాళ్ళ మాట. నా చెవికి ఆ తేడా పట్టలేదని నిజాయితీగా చెప్పాలి.

తర్వాత జరిగింది చూడండి. దశాబ్దాలపాటు ఆమె ఆ కర్మాగారంలో చుట్టేవాళ్ళలో ఒకర్తె. పాత గిటార్లు పెట్టుబడి వస్తువులయ్యాక, పాత పికప్‌ల నాదం గురించి సేకర్తలకు పిచ్చి పట్టాక, అదే చెయ్యి ఒక్కసారిగా అపురూపమైంది. ఆమె చుట్టిన పికప్‌లను ఆమె పేరుతోనే కంపెనీ ఖరీదైన గిటార్లలో పెట్టి అమ్మింది. వాటి అడుగున ఆమె పొడి అక్షరాల కోసం వెతుకుతారు. ఆమె దగ్గర నేర్చుకున్న హొసెఫీనా కాంపోస్ ఆ పనిని కొనసాగించింది. ఏ చెయ్యి ఊగిసలాట వల్ల ఒకప్పుడు అది తక్కువ పని అయిందో, ఆ ఊగిసలాటే ఇప్పుడు సరుకు. ఇది గెలుపా? కొంతవరకు గెలుపే. ఆమె బతికుండగా పేరు వచ్చింది, చిన్న విషయం కాదు. కానీ ఆ పేరు ఆమె పక్కన కూర్చుని చుట్టినవాళ్ళందరికీ రాలేదు.

1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ "చురుకైన వేళ్ళు చౌక కార్మికుల్ని తయారుచేస్తాయి" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశారు. మనలో చాలామంది క్లాసుల్లో చెప్పే ఉంటాం. స్త్రీల వేళ్ళ నేర్పు పుట్టుకతో వచ్చింది కాదు, ఇళ్ళలో తల్లులూ అమ్మమ్మలూ చిన్నప్పటినుంచీ నేర్పిన శిక్షణ. ఆ శిక్షణకు సర్టిఫికెట్టు లేదు గనుక దాన్ని స్వభావం కింద జమకట్టి, నైపుణ్యంగా లెక్కించకుండా తక్కువ కూలీ ఇస్తారు అన్నది వాళ్ళ వాదన. ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. పక్కగదిలో మా అమ్మ ఉంది.

చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల కంప్యూటరు జ్ఞాపకశక్తిని కూడా స్త్రీలే చేత్తో అల్లారన్నది ఇప్పుడు కొంత ప్రచారంలోకి వచ్చింది. మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో, రేథియాన్ కంపెనీలో. రాగితీగ చిన్న అయస్కాంత వలయం లోపలినుంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. బట్టల మిల్లుల్లో చేసిన అనుభవం ఉన్నవాళ్ళను ఏరి తెచ్చుకున్నారు. ఇంజనీర్లు ఆ జ్ఞాపకశక్తికి ఎల్‌వోఎల్ మెమొరీ అని పేరు పెట్టారు. లిటిల్ ఓల్డ్ లేడీ, చిన్న ముసలమ్మ అని.

గిబ్సన్ కంపెనీ కథ ఇంకా విచిత్రం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తాము గిటార్లు చేయలేదని, మగవాళ్ళంతా యుద్ధానికి పోయారని చాలాకాలం చెప్పుకున్నారు. మిచిగన్‌లోని కాలమజూ కర్మాగారం ముందు యుద్ధకాలంలో తీసిన ఒక ఫోటో, అందులో వరుసలుగా నిలబడిన డెబ్బై మందికి పైగా స్త్రీలు, జాన్ థామస్ అనే లా ప్రొఫెసరు కంటపడింది. ఈ ఆడవాళ్ళంతా ఏం చేస్తున్నట్టు? బతికున్నవాళ్ళను వెతికి మాట్లాడాడు, ఆ గిటార్లకు ఎక్స్‌రేలు తీయించాడు. ఆ యుద్ధ సంవత్సరాల్లో వేలకొద్దీ గిటార్లు ఆ స్త్రీల చేతుల్లోంచే వెళ్ళాయని "కాలమజూ గాల్స్" అనే పుస్తకంలో చూపించాడు. మామూలు గిటార్లే, ఎలక్ట్రిక్‌వి కావు. ఇప్పటికీ సేకర్తలు వాటికోసం ఎగబడతారు. కంపెనీకి తన సరుకులో బాగా చేసినదాన్ని గురించి చేయలేదని చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆలోచించండి.

ఇవన్నీ చదువుతూ నేను కుట్టుమిషను మీద చుడుతున్నాను. తీగ మొదటిసారి ఆరొందల చుట్ల దగ్గర తెగింది. రెండోసారి పద్నాలుగొందలు. మూడోసారి మూడువేలు దాటాక, టప్ అన్న చప్పుడైనా లేకుండా, ఎప్పుడు తెగిందో కూడా తెలియకుండా తెగింది. కంటికి కనిపించని తీగ కొస కోసం నేలమీద పాకుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మిషను పరిగెడితే నువ్వు పరిగెత్తకూడదే. తెగేముందు దారం వేలికి చెబుతుంది" అంది.

"ఇది దారం కాదమ్మా, రాగి."

"చుట్టేది ఏదైనా చెబుతుంది. లే."

అటక మీదనుంచి రాట్నం దింపించింది. కండెలు చుట్టే రాట్నం, సైకిలు రిమ్ముతో చేసింది. దూదినుంచి నూలు వడికే గాంధీగారి రాట్నం కాదు. దాన్ని గురించి మనకు పాటలున్నాయి, బొమ్మలున్నాయి, జెండా మీద చోటు కూడా దొరికింది కొన్నాళ్ళు. చిలపలోని నూలును నాడెలో పెట్టే కండెకు ఎక్కించే ఈ రాట్నానికి ఏ పాటా లేదు. చీరాల, వేటపాలెం వీధుల్లో మధ్యాహ్నం నడిస్తే ప్రతి ఇంటి వసారాలోనూ దీని మోత వినబడేది. పేక ఆగకుండా ఆడాలంటే మగ్గం పక్కన ఎవరో ఒకరు కండెలు అందిస్తూనే ఉండాలి. ఆసు పోయడం, తెగిన పోగులు ముడివేయడం, కండెలు చుట్టడం భార్య, కూతురు, ముసలి తల్లి. నేసేది ఇంటి యజమాని. చీరకు మజూరీ ఒకటే, అది అతని చేతికి వస్తుంది. మా నాన్న చెడ్డవాడు కాదు, ఆ డబ్బు తెచ్చి అమ్మకే ఇచ్చేవాడు. సొసైటీ పుస్తకంలో సభ్యుడు మాత్రం అతనే. మగ్గానికి ఒక పేరు, ఆ పేరు మగవాడిది.

2019-20లో జరిగిన నాలుగో అఖిలభారత చేనేత గణన దేశంలో 35 లక్షల 22 వేలమంది చేనేత కార్మికులున్నారని తేల్చింది. వాళ్ళలో నేతపనివారు 26 లక్షల 73 వేలు, అనుబంధ పనివారు 8 లక్షల 48 వేలు. మొత్తంలో స్త్రీలు 72 శాతం. ఈశాన్య రాష్ట్రాల ఇళ్ళలో స్త్రీలే మగ్గం మీద కూర్చుంటారు గనుక ఆ శాతం అంత పెద్దదైంది. మా వైపు లెక్క వేరు. "అనుబంధ" అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. దేనికి అనుబంధం? కండె లేని నాడె ఎంతసేపు ఆడుతుంది?

1991 తర్వాత గుంటూరు వచ్చాక అమ్మ రెండు సీజన్లు మిరపకాయల తొడిమలు తీయడానికి కోల్డ్ స్టోరేజీలకు వెళ్ళింది. నా పార్ట్‌టైమ్ జీతం చాలేది కాదు. తెల్లవారుజామున ముఖానికి గుడ్డ కట్టుకుని ఆటోలో వెళ్ళేది, తుమ్ముతూ వచ్చేది. వేళ్ళు మంటెత్తి రాత్రి కొబ్బరినూనెలో ముంచుకుని కూర్చునేది. తొడిమ తీసిన కాయకు ఎగుమతిలో ధర ఎక్కువని అప్పట్లో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అది కూడా "పనేం కాదు, తొడిమలు తీయడమేగా" అనేది. ఎనభై ఏళ్ళ ఆ వేళ్ళతో వెంట్రుకంత తీగను పట్టుకుంటుందంటే నాకు నమ్మకం లేదు.

కదురుకు బాబిన్ బిగించాం. చక్రం ఒకసారి తిరిగితే కదురు ఇరవైసార్లు తిరుగుతుందని మా అమ్మాయి గుర్తుపెట్టి లెక్కించింది. అంటే చక్రం నాలుగొందల సార్లు తిరగాలి. ఒక పాత కాలిక్యులేటరు విప్పి, చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి, చుట్టు తిరిగినప్పుడల్లా అంకె పెరిగేలా అమర్చింది. అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు. వంటింట్లోంచి ఇరవై చింతగింజలు తెచ్చి ఒడిలో పోసుకుంది. చక్రం ఇరవై తిప్పులకు ఒక గింజ పక్కకు.

నేను ఫోన్‌లో వీడియో తీద్దామనుకున్నాను, మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి బొటనవేలు చూపుడువేలు మధ్య తీగ. గట్టిగా పట్టుకోదు, వదలదు. బాబిన్ ఒక చివరనుంచి మరో చివరకు వేళ్ళు పోతూ వస్తూ ఉంటాయి. ఫుల్లర్టన్ స్త్రీల గురించి చదివినదంతా నా కళ్ళ ముందు మా వసారాలో తిరుగుతోంది. మధ్యలో ఒకచోట చక్రం ఆపింది. "ఇక్కడ పూత లేచింది" అంది. భూతద్దంలో చూస్తే నిజమే, ఎనామిల్ చెదిరి చిన్న మచ్చ. అక్కడ వార్నిష్ చుక్క పెట్టి, ఆరనిచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ముప్పావుగంట పట్టింది. చింతగింజలు ఇరవై అయిపోయాయి. కాలిక్యులేటరు 407 చూపించింది. "నీ మిషను తప్పు" అంది మనవరాలితో, మారుమాట లేకుండా. మల్టీమీటరు పెడితే 5.7 కిలో ఓములు. యాభైల నాటి పికప్‌లు దాదాపు ఇంతే చూపిస్తాయట.

నేర్పిందెవరని అడిగాను. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాను. వాళ్ళ నాయనమ్మట. కండె వదులైతే నాడెలో చిక్కుపడి పేక తెగుతుంది, తెగితే మగ్గం మీదున్న తాత కేకలేస్తాడు, ఆ కేకకు నాయనమ్మ వీపుమీద చరిచేదట. "అట్లా వచ్చింది" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. నాన్న చీరల్లో అంచు తీరుగా రావడానికి కండె బిగువు కారణమని, అది ఆయనకు తెలుసునని, ఒక్కసారి ఎవరో షావుకారు చీరను మెచ్చుకుంటే ఆయన "నా నేత" అన్నాడని, తనప్పుడు లోపల అన్నం వారుస్తోందని. ఫిర్యాదుగా చెప్పలేదు. గుర్తున్నదంతే.

1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పటినుంచీ మనం ఆడవాళ్ళ నోటిమాటలో చరిత్ర వెతకడం నేర్చుకున్నాం. కానీ మా అమ్మలాంటివాళ్ళ నోటిమాట "అంతే" దగ్గర ఆగిపోతుంది. ఆ మాటను నేరుగా తీసుకుంటే చరిత్రకు ఏమీ మిగలదు. వస్తువును విప్పి చూడాలి, చేతులను పని చేయించి చూడాలి. నేను చదువుకున్న పద్ధతుల్లో ఇది ఎక్కడా లేదు, వీపుమీద చరిచి నేర్పే పద్ధతి కూడా లేదు లెండి.

మిగిలిన రెండు పికప్‌లూ ఆ వారంలోనే చుట్టింది. మూడోది చుట్టేటప్పుడు నన్ను కూర్చోబెట్టి చక్రం తిప్పనిచ్చింది, తీగ మాత్రం ఇవ్వలేదు. మూడింటినీ కరిగించిన మైనంలో ముంచి తీశాం. తర్వాత సోల్డరింగ్. 250 కిలో ఓముల నియంత్రణలు మూడు, కెపాసిటర్ ఒకటి, మూడు స్థానాల స్విచ్చి ఒకటి. అదంతా మా అమ్మాయి చేసింది.

1954 నకలు అన్నాక చిన్న వివరాలు కూడా ఉండాలని ఆ పిల్ల పట్టుదల. ఆ కాలపు స్ట్రాటోకాస్టర్లు విప్పితే, లోపల తీగలున్న గుంటలో మాస్కింగ్ టేపు ముక్క ఒకటి కనిపిస్తుంది. దానిమీద పెన్సిలుతో ఒక పేరు, ఒక తేదీ. మేరీ అని, గ్లోరియా అని, వర్జీనియా అని. వాటిని కూర్చిన స్త్రీలు. ఇంటిపేర్లు ఉండవు. పైన తెల్లని మూత బిగించాక గిటారు వాయించేవాడికి అవి ఎప్పటికీ కనబడవు. అసలు గిటారేనా కాదా అని తేల్చే నిపుణులు మాత్రం ఇప్పుడు ఆ టేపు కోసమే మూత విప్పుతారు.

మా అమ్మాయి టేపు ముక్క చింపి, పెన్సిలు ఇచ్చి "అమ్మమ్మా, రాయి" అంది. అమ్మకు చేవ్రాలు వచ్చు. నాన్న పోయాక పింఛను కాగితాల మీద సంతకాలు పెట్టాల్సి వచ్చి నేర్చుకుంది. అక్కడ ఆమె పేరు ముందు ఎప్పుడూ "కీర్తిశేషులు ఫలానావారి భార్య" అని ఉండేది.

"మీ నాన్న పేరు రాయొద్దా? మగ్గం ఆయనదిగా" అంది నన్ను చూసి.

చెక్క ఆయనది, చుట్టింది నువ్వు, నీ పేరే రాయమన్నాను. పెన్సిలు పట్టుకుని కాసేపు కూర్చుంది. ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు రాసింది. తేదీ వేసింది. పక్కన ఇంకాస్త చోటుంటే "400" అని కూడా రాసింది. మనవరాలు "407 అమ్మమ్మా" అంటే వినలేదు.

టేపును గుంటలో అతికించాం. పైన మూత పెట్టి ఎనిమిది స్క్రూలు బిగించాం.